విగ్రహానికి ముందు ఆ నోటుబుక్కు తెరవండి: మన బడి పూర్వ విద్యార్థుల సంఘానికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఎడమ కాలువ కింద ఉన్న మన ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, దూరప్రాంతాల నుంచి విరాళాలు పంపుతున్న మిత్రులందరికీ నమస్కారాలు.

మన మేష్టారు కాలం చేసి ఏడాది కావస్తున్న సందర్భంలో బడి ఎదుట ఆయన కాంస్య విగ్రహం నిలపాలని, దానికి సిమెంటు మండపం, ఊరి మొగదల ఆయన పేరిట ముఖద్వారం కట్టించాలని, సెప్టెంబరు 5న గురుపూజోత్సవం నాడు వాటిని ఆవిష్కరించాలని తీర్మానించినట్టు సంఘం పంపిన కరపత్రంలో చదివాను. ఆ తీర్మానం వెనక ఉన్న ప్రేమ మీద నాకు ఏ సందేహమూ లేదు. ఆయన దగ్గర అక్షరం దిద్దుకున్న ఎవరికైనా ఆయన రూపం కళ్ల ముందు ఉండాలనిపించడం సహజం. అయినా ఆ తీర్మానాన్ని మరొక్కసారి ఆలోచించమని అర్థిస్తున్నాను. సభ్యులు హైదరాబాదులో కొందరు, విశాఖలో కొందరు, విదేశాల్లో కొందరు ఉన్నారు కనుక, ఊళ్లో ఉన్నవారికి కూడా ఈ మాట చేరాలి కనుక బహిరంగంగా రాయవలసి వచ్చింది. కుటుంబ సభ్యులు కోరినందువల్ల ఆయన పేరు గానీ, ఊరి పేరు గానీ ఇందులో రాయడం లేదు.

కరపత్రంతో పాటు వచ్చిన ఆహ్వానితుల జాబితాను శ్రద్ధగా చూశాను. పదో తరగతి పాసైన బ్యాచీల వారీగా దానిని తయారు చేసినట్టున్నారు. బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీర్లు, ఉపాధ్యాయులు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు, ఒక తహసీల్దారు ఉన్నారు. మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో బడి మానేసినవారి పేర్లు మాత్రం లేవు. వారిలో చాలామంది ఇప్పటికీ మన ఊళ్లోనే ఉన్నారు. బడి గోడకు సున్నం వేసేదీ, మధ్యాహ్న భోజనం వండేదీ, సంక్రాంతి వెళ్లగానే మూటాముల్లె సర్దుకుని విజయవాడకో చెన్నైకో తాపీ పనులకు వెళ్లేదీ వారే. వారు కూడా మేష్టారి శిష్యులే. ఇంకా చెప్పాలంటే, ఆయన ఎక్కువ కాలం తలుచుకున్నది వారినే.

ఈ మాటకు నా దగ్గర ఆధారం ఉంది. దినవారాలు ముగిశాక వారి అమ్మాయి తండ్రిగారి కాగితాలు సర్దుతూ నాకు ఒక పొడుగాటి నోటుబుక్కు చూపించింది. కిరాణా కొట్లో ఖాతాలు రాసుకునే పుస్తకం అది. అట్ట మీద ఆయన గుండ్రటి దస్తూరితో ‘రాని పిల్లలు’ అని ఉంది. ప్రతి పేజీలోనూ గీతలు గీసి పిల్ల పేరు, తరగతి, బడికి రావడం మానిన నెల, కారణం రాసుకున్నారు. చివరి గడికి శీర్షిక లేదు. ఆ ఇంటికి తాను వెళ్లిన తేదీలు అందులో ఒకదాని కింద ఒకటి వేసుకున్నారు. కొన్ని పేర్ల పక్కన ఆ తేదీలు గడిలో చాలక వెనక పేజీకి వెళ్లాయి. ‘తండ్రి మద్రాసు పనికి, పిల్లాడూ వెంట’, ‘చెల్లిని ఎత్తుకోవాలి’, ‘కంబారిగా (పాలేరుగా) పెట్టారు’, ‘నాయనమ్మకు చూపు లేదు, తోడు’, ‘గొర్రెలు’, ‘పెళ్లి’ అని కారణాలు. తిరిగి బడికి వచ్చిన పిల్లల పేరు మీద ఎర్ర సిరాతో ‘వచ్చింది’, ‘వచ్చాడు’ అని ఉంది. ఎర్ర సిరా పడని పేర్లు చాలా ఉన్నాయి. తన ఉద్యోగ జీవితానికి ఆయన రాసుకున్న లెక్క ఆ పుస్తకమే.

ఆయన ఎనభైలలో, నెలకు 398 రూపాయల వేతనం మీద ప్రభుత్వం తీసుకున్న స్పెషల్ టీచర్లలో ఒకరుగా మన బడికి వచ్చారు. ఆ తరం ఉపాధ్యాయులను ఇప్పటికీ ‘398 టీచర్లు’ అనే పిలుస్తారు. క్రమబద్ధమైన జీతం చేతికొచ్చేదాకా ఆయన ఇల్లు గడిచింది వారి మామగారు పంపిన బియ్యం మీదేనని అమ్మగారు (మేష్టారి భార్య) తరువాత ఎప్పుడో చెప్పారు. బడి అప్పటికి రెండు గదుల పెంకుటిల్లు. ఐదు తరగతులకు ఇద్దరు పంతుళ్లు. ఒకరు సెలవు పెడితే ఐదూ ఒకరివే. మూడో తరగతికి ఎక్కం అప్పగించి, ఒకటో తరగతి చేత ఇసుకలో అక్షరాలు రాయించి, ఐదో తరగతిలో చురుకైన పిల్లను రెండో తరగతి దగ్గర కూర్చోబెట్టి, తాను నాలుగో తరగతికి నల్లబల్ల మీద భాగహారం చెప్పేవారు. బహుళ తరగతుల బోధన అనే మాట శిక్షణ తరగతుల్లో వినిపించడానికి ముందే ఆ పద్ధతి మన వరండాలో నడిచింది. ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) శిక్షణలు వచ్చినప్పుడు ఆయన ఎంత ఇష్టంగా వెళ్లేవారో, టీచర్ సెంటర్ సమావేశం నుంచి రంగు కాగితాలు, అట్టముక్కలు ఎలా సంచి నిండా పట్టుకొచ్చేవారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఆయన చదువు చెప్పిన తీరు గురించి కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే సభల్లో ‘ఓర్పుతో బోధించారు’ అని ఒక్క మాటతో ముగించేస్తున్నాం. వర్ణమాల మొత్తం వల్లె వేయించి ఆ తరువాత పదాలకు రావడం ఆయన పద్ధతి కాదు. గుణింతపు గుర్తులు అవసరం లేని మాటలతో మొదలుపెట్టేవారు: వల, తల, పలక, పడవ, కలప. పిల్లవాడు మొదటి నెలలోనే పూర్తి మాట చదివి, తాను చదవగలనని నమ్మేవాడు. ఆ నమ్మకం కుదిరాకే దీర్ఘాలు, కొమ్ములు, ఏత్వాలు వచ్చేవి. వత్తులకు వచ్చేసరికి అమ్మ, అక్క, చెల్లి, బెల్లం అంటూ ఇంట్లోని మాటలనే పలక మీదికి తెచ్చేవారు. భిన్నాలు చెప్పడానికి తన ఇంటి నుంచి కొలత పాత్రలు పట్టుకొచ్చారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచంలో సోల ఎన్నో వంతు అని అడిగి, ఇసుక పోసి కొలిపించి, పదహారో వంతు అని పిల్లల నోటనే చెప్పించేవారు. కళ్లంలో ధాన్యం కొలుస్తుంటే చూసిన పిల్లలకు ఆ లెక్క అంతకుముందే సగం తెలుసు. ఆ తెలిసినదానిని వాళ్ల చేత పలికించడం ఆయన పని. ‘ఎల్లినాను’, ‘వచ్చినాడు కాడు’ అన్నామని తరగతిలో ఎవరినీ నవ్వనిచ్చేవారు కాదు. ఇంటి మాటను ఇంటి మాటగా ఉండనిచ్చి, పుస్తకంలో మాట ఇలా ఉంటుందని పక్కన చెప్పేవారు. బెత్తం ఆయన చేతిలో నేనెన్నడూ చూడలేదు.

నోటుబుక్కులో ‘చెల్లిని ఎత్తుకోవాలి’ అన్న కారణం పదే పదే కనిపిస్తుంది. ఊడుపుల కాలంలో తల్లి చేలోకి దిగితే పసివాళ్లను చూసుకోవలసింది ఏడెనిమిదేళ్ల ఆడపిల్ల. మేష్టారు ఆ తల్లులతో వాదించలేదు. పసివాళ్లను కూడా తెమ్మన్నారు. వరండా దూలానికి అమ్మగారి పాత చీరలతో ఉయ్యాలలు కట్టించారు. ఒక చేత్తో ఉయ్యాల తాడు లాగుతూ రెండో చేత్తో పలక మీద రాసుకున్న ఆడపిల్లలలో నేనూ ఒకతెను. తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు ఇది బడా, పురిటిల్లా అని అడిగితే, ఈ ఉయ్యాలలు విప్పితే నాలుగో తరగతి ఖాళీ అవుతుందండీ అని మేష్టారు నెమ్మదిగా జవాబు చెప్పారు. ఆ అధికారి మారుమాట్లాడక హాజరు పట్టీ మీద సంతకం చేసి వెళ్లారు. అంగన్‌వాడీ మన ఊరికి వచ్చాకే ఆ ఉయ్యాలలు దిగాయి.

రేషను బియ్యం రోజులు కూడా చెప్పుకోవాలి. 1995 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన పథకం కింద, బడికి వచ్చే ప్రతి పిల్లకూ నెలకు మూడు కిలోల బియ్యం ఇచ్చేవారు. నెలలో 80 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. వండిన అన్నం మన రాష్ట్రంలో బళ్లకు వచ్చింది 2003 జనవరి నుంచి కనుక, అంతకుముందు ఆ మూడు కిలోలే ఆధారం. రాని పిల్లకు హాజరు వేసి బియ్యం ఇప్పించమని ఊళ్లో పెద్దలు మేష్టారిని అడగడం నాకు తెలుసు. దయతో అడిగినదే అయినా ఆయన ఒప్పుకోలేదు. నెల మధ్యకు వచ్చేసరికి ఎవరి హాజరు తగ్గుతున్నదో లెక్క కట్టి, సాయంత్రం ఆ ఇళ్లకు వెళ్లి, ‘రేపటి నుంచి రాకపోతే బియ్యం పోతాయమ్మా’ అని తల్లికి చెప్పి, పిల్ల మర్నాడు వచ్చేదాకా వదిలేవారు కాదు. దొంగ హాజరుతో బియ్యం వస్తాయి గానీ చదువు రాదన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదల భారమంతా తన కాళ్ల మీదే వేసుకున్నారు.

మేష్టారు రాసిన ప్రవేశ రిజిస్టర్ల విలువ మన సంఘానికి ఇంకా పూర్తిగా తెలియదని నా అభిప్రాయం. బిడ్డను బడిలో వేయడానికి వచ్చిన తల్లికి పుట్టిన తేదీ తెలియకపోవడం ఆ రోజుల్లో మామూలు. జూన్‌లోనో జూలైలోనో మొదటి తేదీ వేసి, ఐదేళ్లు నిండినట్టు రాసేయడం అంతటా ఉన్న అలవాటు. మేష్టారు మాత్రం పాత పంచాంగాలు దాచి ఉంచి, తల్లిని కూర్చోబెట్టి అడిగేవారు. ‘సూరీడికి గ్రహణం పట్టిన్నాడు నాకు నెలలు నిండిపోనాయి బాబూ, గడప దాటనిచ్చినారు కారు’ అని ఒక తల్లి చెబితే, అది 1980 ఫిబ్రవరి 16 నాటి సూర్యగ్రహణమని, శివరాత్రి వెళ్లగానే వచ్చిన అమావాస్య అని చూసుకుని, పురుడు వచ్చేనాటికి ఉగాది అయిందా లేదా అని అడుగుతూ తేదీకి చేరుకునేవారు. వంశధారకు 1980లో వచ్చిన పెద్ద వరద మరికొందరికి గుర్తు. విజయనగరం వైపు నుంచి మన ఊరికి కోడలుగా వచ్చిన ఒకావిడ తన కూతురు పైడితల్లమ్మ సిరిమాను తిరిగిన నాడు పుట్టిందని చెబితే, ఆ ఏడు విజయదశమి తరువాత వచ్చిన మంగళవారం ఏ తేదీనో వెతికి రాశారు.

ఇదంతా ఒక తేదీ కోసమేనా అనిపించవచ్చు. ఆ తేదీ మీద మనుషుల బతుకులు నడిచాయి. పద్ధెనిమిదేళ్లు నిండాయని ఇంట్లోవాళ్లు చెప్పి పిల్లకు పెళ్లి ముహూర్తం పెట్టుకుంటే, రిజిస్టరులో ఉన్న నిజమైన వయసు చూపి ఆయన ఆపించిన పెళ్లిళ్లు ఉన్నాయి. ఉద్యోగాల్లో చేరినవారికి, కుల ధ్రువీకరణ పత్రం కావలసినవారికి ఇప్పటికీ ఆ పుటలే సాక్ష్యం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన బడి పాత గది పెంకులు లేచిపోయాయి. అప్పటికి ఉద్యోగ విరమణ చేసిన మనిషి ఆ వానలోనే వెళ్లి, రిజిస్టర్లను దుప్పట్లలో చుట్టి ఇంటికి తెచ్చి, పుట పుటకూ మధ్య పాత వార్తాపత్రికలు పెట్టి రోజుల తరబడి ఆరబెట్టి తిరిగి ప్రధానోపాధ్యాయురాలికి అప్పగించారు. ఇప్పుడవి తుప్పు పట్టిన బీరువాలో ఉన్నాయి. కొన్ని పుటల అంచులు పొడి రాలుతున్నాయి. శ్రీకాకుళంలో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం వెలిసింది. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ దాచాలని దానికి పూనుకున్న కాళీపట్నం రామారావు గారు కూడా జీవితమంతా బడిపంతులుగా పనిచేసినవారే. కథల కోసం ఒక ఉపాధ్యాయుడు అంత పని చేసిన జిల్లాలో, మన తల్లుల పేర్లు మొదటిసారి కాగితం మీదకెక్కిన రిజిస్టర్లను చెదలకు వదిలేయడం నా మనసుకు కష్టంగా ఉంది.

మధ్యలో కొన్నేళ్లు ఆయన బదిలీ మీద సీతంపేట ఏజెన్సీలోని ఒక సవర గూడెంలో ఏకోపాధ్యాయ పాఠశాలకు వెళ్లారు. అక్కడి పిల్లలకు తెలుగు రాదు, ఆయనకు సవర రాదు. ఆ కొన్నేళ్లలో ఆయన ముసలివాళ్ల దగ్గర కూర్చుని సవర మాటలు తెలుగు లిపిలో రాసుకున్న పుస్తకం కూడా ఇంట్లో ఉంది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు అందించడానికి సొంత డబ్బుతో బడి నడిపారని మేష్టారు మనకు ఎన్నిసార్లో చెప్పారు. ఆ మాట ఆయనకు పాఠంలో విషయం మాత్రమే కాలేదు. తరువాత బదిలీల కౌన్సెలింగ్‌లో రోడ్డు పక్కన సౌకర్యంగా ఉన్న బడి దొరికే అవకాశం ఉన్నా తిరిగి మన బడినే కోరుకున్నారు.

వలస వెళ్లే కుటుంబాల పిల్లల విషయంలో ఆయన చేసినది మీలో కొందరికే తెలిసి ఉంటుంది. కోతలయ్యాక తల్లిదండ్రులు పిల్లలతో సహా మద్రాసుకో హైదరాబాదుకో బయలుదేరుతుంటే, ముందు రోజు రాత్రి ఆయన వాళ్లింటికి వెళ్లేవారు. పిల్ల చేతికి బడి చిరునామా రాసిన పోస్టుకార్డులు కొన్ని ఇచ్చేవారు. అప్పట్లో కార్డు పదిహేను పైసలు. ఎక్కడ ఉన్నారో, దగ్గరలో బడి ఉందో లేదో, ఏ పాఠం చదువుకున్నదో రాయమనేవారు. ఆ ఊరి బడిలోని పంతులుగారికి ఇమ్మని ఒక ఉత్తరం కూడా ఇచ్చేవారు: ఈ పిల్ల రెండో తరగతి, గుణింతాలు వచ్చు, వత్తులు ఇంకా రావాలి, నాలుగు నెలలు మీ దగ్గర కూర్చోనివ్వండి అని. కార్డు వచ్చిన ప్రతిసారీ జవాబు రాసేవారు. చాలా బళ్లు ఆ ఉత్తరం చూసి కూడా చేర్చుకోలేదు. బదిలీ సర్టిఫికెట్ లేదనో, మధ్యలో వచ్చారనో పంపేశారు. టీసీ ఆలస్యమైందన్న కారణంతో గానీ, వయసు రుజువు లేదన్న కారణంతో గానీ ఏ పిల్లనూ బడిలో చేర్చుకోకుండా ఉండరాదని చట్టం చెప్పినది తరువాత చాలా కాలానికి, 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చినప్పుడు. ఆ రోజు వార్త చదివి ఆయన ఎంత సంతోషించారో అమ్మగారు ఇప్పటికీ చెబుతారు.

ఇంత చేసినా ఓడిపోయిన సందర్భాలు ఉన్నాయి, వాటిని దాచడం ఆయనకు గౌరవం కాదు. ఒక మోతుబరి ఇంట ధాన్యం అప్పు కింద తొమ్మిదేళ్ల పిల్లవాడిని కంబారిగా పెట్టారు. మేష్టారు ఆ ఇంటికి ఎన్నో సాయంత్రాలు తిరిగి, ఉదయం పశువుల పని ముగిశాక పిల్లవాడిని బడికి పంపేలా ఒప్పించారు. పిల్లవాడు పేడ వాసన వేసే బట్టలతోనే వచ్చి వెనక వరసలో కూర్చుని లెక్కల్లో అందరికంటే ముందుండేవాడు. ఐదో తరగతి తరువాత హైస్కూలు ఊరికి దూరం, రోజంతా పోతుంది. మోతుబరి ఒప్పుకోలేదు, తండ్రి అప్పు తీరలేదు. నోటుబుక్కులో ఆ పేరు పక్కన తేదీలు రెండు పేజీల నిండా ఉన్నాయి. ఎర్ర సిరా లేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడు, తాపీ మేస్త్రి. మీరు కట్టించబోతున్న ముఖద్వారానికి కూలి మాట్లాడుకున్నది ఆయనతోనే. ఆయన పేరు ఆహ్వానితుల జాబితాలో లేదు.

అమ్మగారి గురించి కరపత్రంలో ఒక్క వాక్యమూ లేకపోవడం కూడా నాకు బాధ కలిగించింది. అన్నం తినకుండా వచ్చిన పిల్లలకు బడి వెనక గుమ్మంలో చోడి అంబలి పోసినది ఆవిడ. భర్త ఇంటికి రాత్రి తొమ్మిదింటికి వస్తే, తన పిల్లల చదువు తాను ఒంటరిగా చూసుకున్నది ఆవిడ. ఆయన ఊరి పిల్లలకు ఇచ్చిన సమయమంతా ఆ ఇంటి సమయంలోంచి తీసినదే. మేష్టారిని స్మరించే ఏ సభలోనైనా ఆవిడను వేదిక మీద కూర్చోబెట్టడం మన కనీస ధర్మం.

ఇక ఇప్పుడు మన బడి సంగతి. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవో తరువాత మన మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు హైస్కూలుకు వెళ్లారు. ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఆ జీవో రద్దయి, బళ్లను మళ్లీ వర్గీకరించి, మన తరగతులు తిరిగి వచ్చాయి. తరగతులు వచ్చాయి గానీ పిల్లలందరూ రాలేదు. కొందరు ప్రైవేటు బడి బస్సెక్కారు. సంక్రాంతి వెళ్లాక మిగిలినవారిలో మరికొందరు తల్లిదండ్రుల వెంట వెళ్తున్నారు. ఊళ్లో అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకు సాయంత్రం దీపం పెట్టి పుస్తకం తీయమనే మనిషి లేరు. పిల్లలు తగ్గితే పోస్టులు తగ్గుతాయి, పోస్టులు తగ్గితే ఉన్నవారూ పిల్లలను మార్పించుకుంటారు. ఇలా ఇంకొన్నేళ్లు సాగితే మనం విగ్రహం నిలబెట్టిన బడిలో పాఠం చెప్పించుకునేవారు ఉండరు.

అందుచేత నా ప్రార్థన ఇది. విరాళంగా వచ్చిన మొత్తాన్ని వలస కుటుంబాల పిల్లల కోసం కేటాయించండి. వలస సీజనులో ఊళ్లో ఉండిపోయే పిల్లలకు సీజనల్ హాస్టల్ నడిపే ఏర్పాటు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకంలో ఉంది. దానిని బడి యాజమాన్య కమిటీ తీర్మానం చేసి మండల విద్యాశాఖాధికారి ద్వారా కోరాలి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతున్నది కనుక, వారితో కూర్చుని ఈ దరఖాస్తు సిద్ధం చేయించడం మన సంఘానికి అసాధ్యమైన పని కాదు. ప్రభుత్వ అనుమతి ఆలస్యమైతే ఆ నెలల్లో రాత్రి భోజనం, చదువుకునే గదిలో వెలుతురు, పిల్లల దగ్గర పడుకోవడానికి ఊళ్లోని నమ్మకమైన ఇద్దరు ఆడవాళ్లకు జీతం మన నిధి నుంచి ఇవ్వవచ్చు. తల్లిదండ్రులతో వెళ్లిపోయే పిల్లల కోసం ఒక మనిషిని నియమిద్దాం. వాళ్లు ఏ ఊళ్లో దిగారో ఫోనులో తెలుసుకుని, అక్కడి బడికి ఫోను చేసి, చేర్చుకోనంటే చట్టంలోని నిబంధన చెప్పి, నెలకొకసారైనా పిల్లతో మాట్లాడాలి. మేష్టారు కార్డులతో చేసిన పనే ఇది. ఇప్పుడు చట్టం మన వైపు ఉంది, చేతిలో ఫోను ఉంది.

రిజిస్టర్లను ప్రధానోపాధ్యాయురాలి అనుమతితో, ఆమె సమక్షంలో బడి ప్రాంగణంలోనే స్కానింగు చేయించి, మంచి బైండింగు వేయించి, ఇనుప బీరువా కొనిపెట్టాలి. స్కాన్ చేసిన ప్రతి కూడా మన బడిలోనే ఉండాలి. అందులోని వివరాలు ఎవరి సొంత విషయాలో వారివి కనుక ఆ పుటలను గ్రూపుల్లో పంచుకోవడం తగదు. ‘రాని పిల్లలు’ నోటుబుక్కు విషయంలోనూ అంతే. దానిని ప్రదర్శనకు పెట్టవద్దని వారి అమ్మాయి కోరింది. కానీ అందులో ఉన్న పేర్లలో ఊళ్లో ఉన్నవారి ఇళ్లకు సంఘం తరఫున వెళ్లడానికి ఆమె ఒప్పుకుంది. నేను వెళ్తాను, నాతో వచ్చేవారు కావాలి. ఐదో తరగతి దాటనివారికి మన సంఘంలో సభ్యత్వం లేకుండా చేసిన నిబంధన ఏదైనా ఉంటే ఈ సమావేశంలోనే తీసివేయండి.

విగ్రహానికి శిల్పికి ఇప్పటికే బయానా ఇచ్చామని, వెనక్కి తీసుకుంటే మాట పోతుందని కొందరు పెద్దలు నాతో అన్నారు. శిల్పి శ్రమకు అన్యాయం జరగకూడదన్నది నా మాట కూడా. ఆ బయానా మేరకు చిన్న శిల్ప ఫలకం చేయించి లోపలి గదిలో పిల్లల కంటికందే ఎత్తులో పెట్టుకోవచ్చు. మండపం, ముఖద్వారం పనులు మాత్రం ఇంకా మొదలు కాలేదు కనుక వాటిని ఆపడానికి అడ్డేమీ లేదు. మేస్త్రికి పోయే కూలికి బదులు బడి వెనక గది పైకప్పు, మరుగుదొడ్డి తలుపు బాగు చేసే పని ఆయనకే ఇవ్వండి. ఆ పని అవసరం ఉందని ప్రధానోపాధ్యాయురాలు పోయిన ఏడే చెప్పారు.

కుటుంబాలు సంక్రాంతి దాటగానే బయలుదేరతాయి. దరఖాస్తు మండల కార్యాలయానికి చేరి, అక్కడి నుంచి జిల్లాకు వెళ్లి రావడానికి పట్టే కాలం చూసుకుంటే, దసరా లోపల యాజమాన్య కమిటీ తీర్మానం జరిగి తీరాలి. అందుకే సెప్టెంబరు 5 వరకు ఆగకుండా, రాబోయే కార్యవర్గ సమావేశంలోనే ఈ లేఖను మొదటి అంశంగా చర్చకు తీసుకోవాలని, ఆ సమావేశాన్ని పట్నంలోని హోటల్లో కాక మన బడి వరండాలో, కూలి పనుల నుంచి మనుషులు ఇంటికి చేరే సాయంత్రం వేళ పెట్టాలని, మేష్టారి భార్యను, పైన చెప్పిన మేస్త్రిని, బడి మానేసిన మన తోటివారిని పేరు పేరునా పిలవాలని కోరుతున్నాను. రాలేనివారు తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా కార్యదర్శి గారికి పంపగలరు.

ఇట్లు,
మన బడిలో ఐదో తరగతి వరకు చదువుకున్న ఒక పూర్వ విద్యార్థిని